ఇంటి గంజాయి: మట్టి లేని సాగు, పూత కోత

గంజాయి మొక్క నుంచి మత్తు కోసం కోసేది ఆకును కాదు, కాండాన్ని కాదు. పుప్పొడి సోకని ఆడమొక్క పూతను. ఆ పూతను పొలంలో కాకుండా ఇంట్లో, మట్టిలో కాకుండా పోషకాలు కలిపిన నీళ్లలో, ఎండకు బదులు దీపాల కింద పండించడం గత యాభై ఏళ్లలో ఉత్తర అమెరికా, ఐరోపా ఇళ్లలో స్థిరపడిన పద్ధతి. ఒకప్పుడు పోలీసుల కంటపడకుండా సాగిన ఈ పని కెనడా, ఉరుగ్వే, జర్మనీల్లో ఇప్పుడు కొన్ని పరిమితులతో చట్టబద్ధం. అమెరికాలో రాష్ట్రానికో తీరు. భారతదేశంలో మాత్రం కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరమే.

గింజ మొలిచిన దగ్గర్నుంచి పూత పండేదాకా నెలలు పడుతుంది. అయినా పంట నాణ్యత, ఘాటు, భద్రత చాలావరకు తేలేది ఆఖరి కొద్ది వారాల్లోనే: ఎప్పుడు కోశారు, ఎలా ఆరబెట్టారు, ఎలా నిల్వ చేశారు. ఈ దశ చుట్టూ చాలాకాలం చాటుమాటుగా పెంచినవాళ్ల నోటిమాటలే శాస్త్రంగా చెలామణీ అయ్యాయి. చట్టాలు సడలాక విశ్వవిద్యాలయాలు ఆ నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాయి. కొన్ని నిలిచాయి, కొన్ని తేలిపోయాయి.

మొక్క, పూత

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1753లో ఈ మొక్కకు కానబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో ఫ్రాన్స్‌కు చెందిన లామార్క్, భారతదేశం నుంచి వెళ్లిన నమూనాలను చూసి కానబిస్ ఇండికా అనే వేరే జాతిగా వర్ణించాడు. 1924లో రష్యా శాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ పొట్టిగా, తొందరగా పూసే మరో రకానికి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. ఇవన్నీ ఒకే జాతా, వేర్వేరు జాతులా అన్న వాదన ఇంకా తెగలేదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ దీనికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి.

తాళ్లలో పోతుతాడు, పెంటితాడు వేరుగా ఉన్నట్టే గంజాయిలోనూ మగ మొక్క, ఆడ మొక్క వేర్వేరు. మగ మొక్క పుప్పొడి గాలికి ఎగిరి ఆడ పూతను చేరితే గింజ కడుతుంది. గింజ కట్టిన పూతలో జిగురు తగ్గుతుంది. పుప్పొడి సోకకపోతే ఆడ మొక్క కొత్త పూతను వేస్తూనే పోతుంది, జిగురు పేరుకుంటుంది. అందుకే మత్తు కోసం సాగు చేసేవాళ్లు మగ మొక్కలను ముందే ఏరి పారేస్తారు.

ఈ కిటుకు కాలిఫోర్నియా వాళ్లు కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 19వ శతాబ్దంలోనే ఇది తూర్పు బెంగాల్‌లోని రాజ్‌షాహీ ప్రాంతంలో నౌగావ్ చుట్టుపక్కల మామూలు వ్యవసాయం. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1894లో ఇచ్చిన నివేదికలో అక్కడి సాగును వివరంగా రాసింది. పూత తొలి గుర్తులు కనపడగానే ‘గంజా డాక్టర్’ అని పిలిచే అనుభవజ్ఞుడు చేల వెంట నడుస్తూ మగ మొక్కలను గుర్తుపట్టి తీసేయించేవాడు. ఒక్క మగ మొక్క మిగిలినా చుట్టుపక్కల చేలు చెడిపోతాయి కాబట్టి అతని కంటికి అంత గిరాకీ. కోసిన పూతను ఎండలో పరిచి, మనుషులు వరుసగా నిలబడి పాదాలతో తొక్కితే అది ‘చదును గంజాయి’. గుండ్రంగా చుట్టి నొక్కితే ‘గుండు గంజాయి’. రాలిపోయిన పొడిని ‘చూర్’ అనేవారు. ప్రభుత్వం లైసెన్సులిచ్చి, గోదాముల్లో పెట్టించి, సుంకం వసూలు చేసేది. 1917లో నౌగావ్‌లో గంజాయి రైతుల సహకార సంఘం కూడా ఏర్పడింది. బంగ్లాదేశ్ ఆ సాగును ఆపేసింది 1987లో.

పగటి వెలుగు తగ్గి రాత్రులు పెరిగినప్పుడు గంజాయి పూతకు వస్తుంది. 1912 ప్రాంతంలో పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే వృక్షశాస్త్రవేత్త, చలికాలంలో అద్దాల గదిలో మొలిపించిన హాప్స్, గంజాయి మొక్కలు వేళకాని వేళ పూయడం చూసి, కారణం పగటి నిడివేనని గ్రహించాడు. ఎనిమిదేళ్ల తర్వాత అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అదే సూత్రాన్ని పొగాకు, సోయా మొక్కల మీద రుజువు చేసి ప్రపంచానికి చాటారు. ఇంట్లో దీపాల కింద పెంచేవాళ్లు రోజుకు పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి అంటూ పాటించే నియమం ఈ పరిశోధనల కొనసాగింపే. రుడెరాలిస్ రక్తం కలిసిన సంకరాలకు ఈ నియమంతో పనిలేదు. వెలుగు ఎంతున్నా వయసు వచ్చాక పూస్తాయి.

మట్టి లేకుండా

మొక్కకు మట్టి కన్నా అందులోని లవణాలే ముఖ్యమని 1860ల్లో జర్మనీలో జూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ తేల్చారు. నీళ్లలో లవణాలు కరిగించి మొక్కలు పెంచారు. అది ప్రయోగశాల దాటి జనంలోకి వచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని విలియం గెరిక్ చేతుల్లో. 1930ల్లో ఆయన నీటి తొట్లలో నిచ్చెన వేసి కోయాల్సినంత ఎత్తు టమాటా తీగలు పెంచి పత్రికలకు ఎక్కాడు. హైడ్రోపోనిక్స్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. అదే విశ్వవిద్యాలయంలోని హోగ్లాండ్, ఆర్నన్ 1938లో ఆ సంబరం మీద కొంచెం చన్నీళ్లు చల్లారు. వెలుగు, గాలి, పోషకాలు సమానంగా ఉంటే మంచి మట్టిలో పండినదానికంటే నీటిలో పండినది గొప్పేమీ కాదని వాళ్లు కొలిచి చెప్పారు. వాళ్లిద్దరి పోషక ద్రావణం ఇప్పటికీ వ్యవసాయ కళాశాలల్లో వాడుకలో ఉంది.

భారతదేశానికి ఈ పద్ధతి కొత్త కాదు. హైడ్రోపోనిక్స్ నిపుణుడు షోల్టో డగ్లస్ 1946లో బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో తక్కువ ఖర్చుతో సాగే ఒక పద్ధతిని రూపొందించాడు. ఇవాళ హైదరాబాద్, బెంగళూరు శివార్లలో ఇదే సూత్రం మీద లెట్యూస్, పాలకూర, తులసి రకాలు పండించి సూపర్ మార్కెట్లకు పంపే షెడ్లు నడుస్తున్నాయి.

గంజాయి ఇందులోకి వచ్చింది పోలీసు భయంతో. 1983లో కాలిఫోర్నియా ప్రభుత్వం హెలికాప్టర్లతో కొండల్లో గంజాయి తోటలు వెతికించడం మొదలుపెట్టాక సాగు ఇళ్ల సెల్లార్లలోకి, గరాజుల్లోకి, బీరువాల్లోకి దిగింది. వీధి దీపాల కోసం తయారైన సోడియం దీపం, టమాటా రైతుల నీటి పంపు, డచ్చి విత్తన వ్యాపారుల పొట్టి సంకరాలు ఒక చోట కలిశాయి. 1989 అక్టోబరులో అమెరికా మాదకద్రవ్య నియంత్రణ సంస్థ ‘ఆపరేషన్ గ్రీన్ మర్చంట్’ పేరుతో 46 రాష్ట్రాల్లో హైడ్రోపోనిక్స్ పరికరాల దుకాణాల మీద, వాటి ఖాతాదారుల మీద దాడులు చేసింది. టమాటాలు పెంచుకునేవాళ్లు కూడా కొంతకాలం ఆ దుకాణాల వైపు వెళ్లడానికి జంకారు.

ఇంట్లో హైడ్రోపోనిక్స్ అంటే సాధారణంగా మూడు రూపాలు. వేర్లు గాలి బుడగలు వచ్చే నీళ్ల బకెట్లో వేలాడడం ఒకటి. పైపుల్లో పలచగా పారే నీటిపొర మీద వేర్లు పరుచుకోవడం రెండోది. కొబ్బరి పీచు పొడి లేదా కరిగించిన రాయిని దూదిలా వడికి చేసే రాక్‌వూల్ దిమ్మల్లో వేర్లుండి, వాటికి బొట్టుబొట్టుగా ద్రావణం అందడం మూడోది. ఎరువు ఎక్కువైనా తక్కువైనా మట్టి కొంత సర్దుకుంటుంది. నీటిలో ఆ వెసులుబాటు లేదు. ద్రావణం ఆమ్లగుణం మారితే మొక్క అక్కడున్న పోషకాన్ని కూడా తీసుకోలేదు, పంపు ఆగితే వేర్లు దెబ్బతింటాయి. ఎదుగుదల వేగం ఎంతో, నష్టం వేగమూ అంతే.

మొక్కల లెక్క

ఇంటి సాగును అనుమతించిన దేశాల్లో చాలావి పూత బరువుతో పాటు, చాలాచోట్ల దానికన్నా ముందు, మొక్కల సంఖ్యను లెక్కపెట్టాయి. కోయకముందు బరువు ఎవరికీ తెలియదు గనుక చట్టానికి దొరికే కొలమానం అదే.

ఉరుగ్వే 2013 డిసెంబరులో చట్టం చేసి దేశం మొత్తం మీద గంజాయిని క్రమబద్ధం చేసిన తొలి దేశమైంది. అక్కడ నమోదు చేసుకున్న ఇంటికి పూసే మొక్కలు ఆరు, ఏడాదికి 480 గ్రాముల పూత. కెనడా చట్టం 2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. మనిషికి కాదు, ఇంటికి నాలుగు మొక్కలు. ఒకే ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నా నాలుగే. క్యూబెక్ ప్రావిన్సు తన పరిధిలో ఇంటి సాగును నిషేధించగా, ఆ నిషేధం చెల్లుతుందని 2023 ఏప్రిల్‌లో కెనడా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లకు తలా మూడు మొక్కలు, ఇంట్లో 50 గ్రాముల నిల్వ చట్టబద్ధం. మాల్టా 2021లో, లక్సెంబర్గ్ 2023లో ఇంటికి నాలుగు చొప్పున అనుమతించాయి. దక్షిణాఫ్రికాలో దారి వేరు. 2018 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, పెద్దవాళ్లు తమ ఇంటి గోప్యతలో పెంచుకుని వాడుకోవడాన్ని నేరంగా చూడరాదని చెప్పింది.

అమెరికాలో ఇంటి గోప్యత వాదన ఇంకా పాతది. 1975లోనే అలాస్కా సుప్రీంకోర్టు, ఇంట్లో స్వంత వాడకానికి కొద్దిపాటి గంజాయి ఉంచుకోవడం గోప్యత హక్కు కిందికి వస్తుందని తీర్పిచ్చింది. కొలరాడో ప్రజలు 2012లో ఓటు వేసి మనిషికి ఆరు మొక్కలు ఒప్పుకున్నారు. వాటిలో పూతకు వచ్చినవి మూడుకు మించకూడదు. ఈ చిన్న షరతు చట్టం రాసినవాళ్లకు మొక్క గురించి తెలుసని చెబుతుంది: పూయని మొక్క వల్ల వచ్చేదేమీ లేదు. కొందరు ఆ వెసులుబాటును వాడుకుని ఇళ్లను చిన్నపాటి కార్ఖానాలుగా మార్చేసరికి 2018 నుంచి ఇంటికి పన్నెండు మొక్కల హద్దు పెట్టారు. దుకాణాల్లో గంజాయి అమ్మనిచ్చే వాషింగ్టన్, న్యూజెర్సీ రాష్ట్రాలు వినోదం కోసం ఇంటి సాగును మాత్రం ఒప్పుకోలేదు.

పూత పండడం

పూతకు తిప్పిన తర్వాత చాలా రకాలు ఎనిమిది నుంచి పది వారాల్లో కోతకు వస్తాయి. మొదట పూగుత్తి నిండా తెల్లటి కీలాగ్రాలు, అంటే పుప్పొడి కోసం చాచిన సన్నని పోగులు, నిటారుగా కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ అవి ముడుచుకుని ఇటుకరంగుకు, గోధుమరంగుకు మారతాయి. అడుగు ఆకులు పసుపెక్కుతాయి. చాలాకాలం కోతకు ఇవే గుర్తులు.

అసలు సంగతి కంటికి ఆనని చోట ఉంది. పూత మీద, దాన్ని చుట్టుకున్న చిన్న ఆకుల మీద మంచు రాలినట్టు కనిపించే నూగు నిజానికి గ్రంథి రోమాలు. భూతద్దంలో చూస్తే ఒక్కొక్కటి సన్నటి కాడ మీద నిలబెట్టిన గాజుపూసలా ఉంటుంది. మత్తునిచ్చే రసాయనాలు, సువాసననిచ్చే టెర్పీన్లు తయారై నిల్వ ఉండేది ఆ పూస తలలోనే. లేత దశలో అది నీళ్లలా పారదర్శకంగా, పండినప్పుడు పాలరంగులో, ముదిరితే తేనెరంగులో కనిపిస్తుంది. పాలరంగు పూసలు ఎక్కువై, తేనెరంగువి అక్కడక్కడా మొదలైన దశను పెంపకందారులు కోతకు అదనుగా చూస్తారు.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధన ఈ పూసలను అణువణువూ చూసింది. కాడలేని రోమాలుగా పుట్టినవే పూత ఎదిగేకొద్దీ కాడ పెంచుకుని లేస్తాయని, లోపలి రసాయనాలు మారేకొద్దీ అతినీలలోహిత కాంతిలో అవి వెలిగే రంగు కూడా మారుతుందని వాళ్లు చూపారు. భూతద్దం పట్టుకుని తిరిగిన పెంపకందారుల అలవాటుకు దీంతో కొంత శాస్త్రీయ ఆధారం దొరికింది.

పచ్చి పూతలో మత్తు పెద్దగా ఉండదన్నది చాలామందికి తెలియని సంగతి. ఇజ్రాయెల్‌కు చెందిన రాఫెల్ మెషూలమ్, యెహీల్ గవోనీ 1964లో మత్తుకు మూలమైన టీహెచ్‌సీని వేరుచేసి దాని నిర్మాణం తేల్చారు. పరిశోధనకు కావలసిన ఐదు కిలోల లెబనాన్ హషీష్‌ను మెషూలమ్ పోలీసుల దగ్గర తీసుకుని బస్సులో ప్రయోగశాలకు మోసుకెళ్లాడు. ఆ వాసనేమిటని తోటి ప్రయాణికులు విస్తుపోయారని ఆయనే చెప్పుకున్నాడు. మొక్కలో ఉండేది టీహెచ్‌సీ కాదు, టీహెచ్‌సీఏ అనే ఆమ్లరూపం. వేడి తగిలినప్పుడు అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ అవుతుంది. అందుకే ప్రయోగశాలలు మొత్తం ఘాటును లెక్కగట్టేటప్పుడు ఆమ్లం బరువును 0.877తో హెచ్చవేస్తాయి. గాలి, వెలుగు తగిలి పాతబడితే టీహెచ్‌సీ క్రమంగా సీబీఎన్ అనే మరో పదార్థంగా మారి ఘాటు పోతుంది.

ఎరువు ఆపాలా?

హైడ్రోపోనిక్ పంటలో బాగా పాతుకుపోయిన ఆచారం ‘ఫ్లషింగ్’: కోతకు వారం, రెండు వారాల ముందు పోషకాలు ఆపేసి ఉత్త నీళ్లు పెట్టడం. పూతలో మిగిలిన లవణాలు కొట్టుకుపోయి పొగ మృదువుగా ఉంటుందని, బూడిద తెల్లగా వస్తుందని నమ్మకం. నీటి మీద ఆధారపడే సాగు కాబట్టి ఇది చేయడం తేలిక. అందుకే ఇక్కడే ఎక్కువ ప్రచారమైంది.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో 2017లో ఒక పరిశోధక విద్యార్థి దీన్ని పరీక్షించి, కడగడం వల్ల పూతలోని పోషకాల మోతాదు చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేల్చాడు. 2019లో ఒక ఎరువుల కంపెనీ సున్నా, 7, 10, 14 రోజులు ఉత్త నీళ్లు పెట్టిన పూతలను గంజాయి పరిశ్రమలోని వాళ్లకు పేర్లు చెప్పకుండా ఇచ్చి రుచి చూపించింది. రుచిలో, ఘాటులో గట్టి తేడా రాలేదు. అసలు ఫ్లష్ చేయనిదానికే కాస్త మొగ్గు కనిపించింది. మొక్క ఒకసారి కణాల్లోకి తీసుకున్న భాస్వరాన్నో మెగ్నీషియాన్నో వేర్లకు నీళ్లు పోసి బయటికి రప్పించలేమన్నది వృక్షశాస్త్రవేత్తలు చెప్పే కారణం.

పూతకాలంలో భాస్వరం దంచికొట్టాలన్న సలహా గతీ అంతే. ‘బ్లూమ్ బూస్టర్’ల పేరుతో ఖరీదైన సీసాలు దీని మీదే అమ్ముడుపోయాయి. యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ బగ్‌బీ బృందం 2022లో ప్రచురించిన ప్రయోగంలో భాస్వరం పెంచినందువల్ల దిగుబడి గానీ నాణ్యత గానీ పెరగలేదు. మొక్క తీసుకోని భాస్వరం వ్యర్థ ద్రావణంలో బయటికి పోయింది. చెరువుల్లో పచ్చనాచు పెరగడానికి కారణమయ్యే పోషకాల్లో భాస్వరం ఒకటి.

కోత, ఆరబోత, క్యూరింగ్

కోసినప్పుడు పూతలో నాలుగింట మూడొంతులకు పైగా నీరే. ఇంటి పెంపకందారులు కొందరు మొక్కను మొదలంటా నరికి తలకిందులుగా వేలాడదీస్తారు, కొందరు కొమ్మలుగా విడదీస్తారు. జిగురు తక్కువున్న పెద్ద ఆకులను కోసేస్తారు. దీన్ని పచ్చిగా ఉన్నప్పుడే చేయాలా, ఎండాక చేయాలా అన్నది తెగని చర్చ. కత్తెరకు అంటుకునే నల్లటి జిగురును గీరి దాచుకునేవాళ్లూ ఉన్నారు. హిమాలయ లోయల్లో చేత్తో నలిపి తీసే చరస్ అలాంటిదే.

పొగాకు పండించే ప్రకాశం జిల్లా రైతుకు క్యూరింగ్ అంటే బ్యారన్‌లో పొయ్యి వేసి, ఉష్ణోగ్రతను అంచెలంచెలుగా పెంచి కొన్ని రోజుల్లో ఆకును పసుపుపచ్చగా తేల్చడం. గంజాయి పూతకు ఆ వేడి పనికిరాదు. సువాసన టెర్పీన్లు తేలిగ్గా ఆవిరైపోతాయి, టీహెచ్‌సీఏ ముందే మారిపోవడం మొదలవుతుంది. అందుకే దీన్ని చీకటిగా, చల్లగా, గాలి ఆడే గదిలో తాపీగా ఆరనిస్తారు. మరీ తొందరగా ఎండితే పైన గరుకుగా, లోపల పచ్చిగా ఉండి ఎండుగడ్డి వాసన వస్తుంది. మరీ ఆలస్యమైతే బూజు పడుతుంది.

తర్వాతి దశ మూతపెట్టిన సీసాల్లో వారాల తరబడి నిల్వ. మధ్యమధ్య మూత తీసి గాలి మారుస్తారు. పత్రహరితం, చక్కెరలు విరిగిపోయి ఘాటైన పచ్చివాసన తగ్గుతుందని అంటారు. ఇక్కడ పరిశ్రమ నమ్ముకున్న కొలమానం తేమ శాతం కన్నా ‘వాటర్ యాక్టివిటీ’: పదార్థంలోని నీటిలో సూక్ష్మజీవులకు అందేది ఎంత అన్నది. ఆస్టిమ్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఎండు పూతకు 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని నిర్దేశించింది. దానికి పైన బూజు, కింద పొడిపొడిగా రాలిపోవడం.

బూజు, పురుగుమందు, కరెంటు

బాగా పండిన పూగుత్తే బూజుకు బాగా అనువైన చోటు. గుత్తి ఎంత గట్టిగా, బరువుగా ఉంటే లోపల తేమ అంతగా నిలుస్తుంది. ద్రాక్ష తోటలను పీడించే బూడిదరంగు బూజు బోట్రైటిస్ ఇక్కడా ప్రధాన శత్రువు. బయటికి పూత బాగానే ఉంటుంది; విడదీసి చూస్తే మధ్య కాడ గోధుమరంగులో కుళ్లి ఉంటుంది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో జమీర్ పుంజా ఈ కుళ్లు మీద, హైడ్రోపోనిక్ వేర్లను పట్టే ఫ్యుజేరియం, పిథియం తెగుళ్ల మీద వరుసగా పరిశోధనలు ప్రచురించారు. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు మరింత ప్రమాదం. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. వైద్యం కోసమని గంజాయి వాడేవాళ్లలో ఇలాంటి రోగులూ ఉంటారు.

దుకాణంలో అమ్మే పూతకు ప్రయోగశాల పరీక్ష ఉంటుంది. ఇంట్లో పండించుకున్నదానికి అది ఉండదు. 2016–17 ప్రాంతంలో కెనడాలో లైసెన్సున్న కొన్ని సంస్థల వైద్య గంజాయిలోనే మైక్లోబ్యుటానిల్ అనే శిలీంధ్రనాశిని అవశేషాలు బయటపడి సరుకు వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ద్రాక్ష మీద చల్లడానికి అనుమతి ఉన్న మందే అది. కాల్చినప్పుడు హైడ్రోజన్ సైనైడ్ వెలువడడం అసలు చిక్కు. తినే పంటకు పనికొచ్చే మందు పొగగా పీల్చే పంటకు పనికిరాకపోవచ్చన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది.

ఇంకో ఖర్చు కరెంటు బిల్లులో కనిపిస్తుంది. ఎండను దీపాలతో, గాలిని ఏసీతో, వానను పంపుతో భర్తీ చేయాలి. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ బృందం 2021లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో ఇండోర్‌గా ఒక కిలో ఎండు పూత పండించడం వల్ల, ప్రాంతాన్ని బట్టి, 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడతాయి. ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ఇళ్లలో ఈ భారం కొంత తగ్గింది. ఎండ కింద పండిన పూతకు ఆ ఖర్చే లేదు.

ఘాటు పెరిగిన కథ

మగ మొక్క లేని గదులు, అదను చూసి కోయడం, ఏరికోరి చేసిన సంకరాలు కలిసి గంజాయిని మార్చేశాయి. అమెరికాలో పట్టుబడిన సరుకును మిసిసిపీ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా పరీక్షిస్తోంది. 1995లో దాదాపు 4 శాతం ఉన్న సగటు టీహెచ్‌సీ 2014 నాటికి దాదాపు 12 శాతానికి చేరింది. ఇప్పుడు దుకాణాల్లో 20 శాతం దాటిన పూత మామూలే.

దీని ఫలితం వైద్యుల దగ్గర కనిపిస్తోంది. ఐరోపా, బ్రెజిల్ నగరాల్లో జరిపి 2019లో లాన్సెట్ సైకియాట్రీలో ప్రచురించిన అధ్యయనంలో, 10 శాతం పైబడిన ఘాటు గంజాయిని రోజూ వాడేవారికి సైకోసిస్ అనే తీవ్ర మానసిక రుగ్మత తొలిసారి వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. టీనేజీలో ఉన్నవాళ్లకు, కుటుంబంలో మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ కీడు అని వైద్యులు హెచ్చరిస్తారు.

భారత చట్టం, తెలుగు నేల

భారతదేశంలో 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయిని నిర్వచించింది పూతతోనే: మొక్క పూత లేదా కాత కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు నడవడానికి ఆ సందే ఆధారం. గంజాయి కేసుల్లో ఆకులు, కాడలు వేరుచేయకుండా మొత్తం కలిపి తూకం వేశారని ప్రతివాదులు కోర్టుల్లో తరచుగా వాదించేదీ ఈ నిర్వచనం మీదే. కిలో వరకు చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. సాగుకు మాత్రం ఈ మెట్లు లేవు. 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. నార, గింజ కోసం పారిశ్రామిక హెంప్‌గా పెంచడానికి 14వ సెక్షన్ దారి తెరిచి ఉంచింది. టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని రకాల సాగుకు ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చింది.

తెలుగునాట గంజాయి అంటే మొదట గుర్తొచ్చేది మన్యం. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల కొండవాలుల్లో, సరిహద్దుకు ఆవల ఒడిశాలో పండే సరుకులో ‘శీలావతి’ రకానికి దేశమంతటా గిరాకీ. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. గిరిజన రైతులను కాఫీ, మిరియాలు, పసుపు వంటి పంటల వైపు మళ్లించే పని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలది (ఐటీడీఏలది).

నగరాల్లో సరుకు మారింది. ‘హైడ్రో’ అని పిలిచే ఇండోర్ పూత ధర మన్యం గంజాయికి ఎన్నో రెట్లు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేశాక బ్యాంకాక్ విమానాల్లో వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో చిరుతిళ్ల ప్యాకెట్ల మధ్య సీలు చేసిన హైడ్రోపోనిక్ పూత శంషాబాద్‌లో పదేపదే పట్టుబడుతోంది. థాయ్‌లాండ్ 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉంటేనే పూత అమ్మాలని మళ్లీ బిగించింది. ఇంట్లో పెంచిన కేసులూ లేకపోలేదు. 2017లో హైదరాబాద్ మణికొండలో ఒక అద్దె ఫ్లాట్‌లో కుండీల్లో గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు చిక్కు మరో రకం. కెనడాలో ఇంట్లో నాలుగు మొక్కలు చట్టబద్ధమే అయినా ఆ పూతను ఏ దేశ సరిహద్దు దాటించినా నేరం. అమెరికాలో రాష్ట్రం అనుమతించినా కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి నిషిద్ధ పదార్థమే. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం కేంద్రం చేతిలో ఉన్నాయి. రాష్ట్ర చట్టానికి లోబడి గంజాయి కలిగి ఉన్నా, పెంచినా, ఆ వ్యాపారంలో పనిచేసినా అది పౌరసత్వానికి కావలసిన ‘సత్ప్రవర్తన’కు అడ్డు కావచ్చని అమెరికా వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. డెన్వర్‌లో ఆరు మొక్కలు పెంచుకునే అమెరికా పౌరుడికి రాని ఇబ్బంది, అదే వీధిలో గ్రీన్‌కార్డు మీద ఉంటున్న ఇంజనీరుకు పౌరసత్వ ఇంటర్వ్యూలో ఎదురుకావచ్చు.